ప్రాక్స్‌మాక్స్ సర్వర్‌లో రూట్ నిండిపోతే: ఏది ముందు, ఏది తర్వాత

“అన్నా, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా, లాగిన్ ఫెయిల్డ్ అంటోంది.” గుణుపురం నుంచి పొద్దున్నే ఇలా ఫోనొచ్చిందంటే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. పాస్‌వర్డ్‌లో తప్పేమీ ఉండదు. సర్వర్ రూట్ పార్టిషన్, అంటే డిస్క్‌లో సిస్టమ్ సొంత ఫైళ్ళుండే భాగం, నిండిపోయి ఉంటుంది.

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు నర్సింగ్ హోముల్లో, రైస్ మిల్లుల్లో, కోచింగ్ సెంటర్లలో నేను చూసేది ఎక్కువగా ఒకటే ఏర్పాటు. మూలన ఒక చిన్న సర్వరో, కాస్త గట్టి డెస్క్‌టాపో. దాని మీద ప్రాక్స్‌మాక్స్, అంటే లినక్స్ మీద నడిచే, ఒకే మెషీన్‌లో చాలా వర్చువల్ కంప్యూటర్లని నడిపించే సాఫ్ట్‌వేర్. అందులో బిల్లింగ్‌కి ఒక వీఎం (వర్చువల్ మెషీన్), ట్యాలీకి ఇంకోటి. దాన్ని చూసుకోవడానికని మనిషి ఉండడు. కౌంటర్‌లో కూర్చునే కుర్రాడే అవసరమొస్తే అడ్మిన్. వాళ్ళకి ఫోన్లో ఏ వరసలో చెబుతానో అదే వరసలో ఇక్కడ రాస్తున్నాను.

కమాండ్లు కూడా ఫోన్లో వినిపించినట్టే తెలుగు అక్షరాల్లో ఉంటాయి. ‘డీఎఫ్’ అంటే కీబోర్డు మీద డీ, ఎఫ్ అనే రెండు కీలు. ‘సార్ట్’, ‘మౌంట్’ లాంటివి వాటి ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో కొట్టాలి. అన్నీ చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను, అక్కడ మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి.

1. ముందు ఏది నిండిందో తేల్చుకోండి

లినక్స్‌లో ‘రూట్’ అనే పేరు మూడింటికి ఉంది. రూట్ అనే యూజర్. ఆ యూజర్ సొంత ఫోల్డర్, అంటే /రూట్. అన్నిటికీ పైనుండే /, అంటే మన రూట్ పార్టిషన్. ఇక్కడ మాట్లాడేది మూడోదాని గురించి. ఫోన్లో ఈ మూడూ కలిసిపోయి చాలా గందరగోళం జరుగుతుంది.

వెబ్ పేజీ లాగిన్ ఇవ్వకపోయినా ఎస్ఎస్‌హెచ్ (ఇంకో కంప్యూటర్ నుంచి సర్వర్ మీద కమాండ్లు కొట్టే దారి) మామూలుగా పనిచేస్తుంది. అదీ కుదరకపోతే సర్వర్‌కే మానిటర్, కీబోర్డు తగిలించి రూట్‌గా లాగిన్ అవ్వండి. మొదటి కమాండ్:

డీఎఫ్ -హెచ్ /

500 జీబీ డిస్క్ మీద డీఫాల్ట్‌గా ఇన్‌స్టాల్ చేసిన ప్రాక్స్‌మాక్స్‌లో రూట్‌కి వచ్చేది 96 జీబీ. డీఎఫ్‌లో అది 94గా కనిపిస్తుంది. మిగతాదంతా దాదాపు ‘డేటా’ అనే థిన్ పూల్‌కి పోతుంది. వీఎంల డిస్కులు ఉండేది అందులో. అందుకే రూట్ పూర్తిగా నిండినా వీఎంలు చాలాసార్లు నడుస్తూనే ఉంటాయి, బిల్లులు వస్తూనే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు.

యూజ్ దగ్గర 100 శాతం, అవైల్ దగ్గర 0 ఉంటే మీరు సరైన చోటికే వచ్చారు. చోటు ఉందని చూపిస్తూనే ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అంటుంటే ఇది చూడండి:

డీఎఫ్ -ఐ /

ఇక్కడ 100 శాతం ఉంటే ఐనోడ్‌లు, అంటే ఫైల్‌కొకటి చొప్పున పట్టే నమోదులు, అయిపోయాయన్న మాట. అంటే ఎక్కడో లక్షల కొద్దీ చిన్న ఫైళ్ళు పేరుకున్నాయి. ఈ చిన్న సర్వర్లలో ఇది అరుదు.

ఇంకోటి. ‘ఎల్‌వీఎస్’ అని కొడితే డేటా అనే వరసలో శాతం కనిపిస్తుంది. అది 95 దాటి ఉంటే నిండుతున్నది థిన్ పూల్. దాని వైద్యం వేరు, అది ఇంకా ప్రమాదం. అక్కడ అనవసరమైన వీఎం స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచిపెట్టినవి), డిస్కులు తగ్గించడం ముందు చూడాలి. ఈ రెంటినీ కలిపేసుకోకండి.

2. చెయ్యి పెట్టే ముందు

అందరికీ మొదట తట్టేది ‘ఒకసారి రీస్టార్ట్ చేసి చూద్దాం’. ఈ ఒక్క జబ్బుకి ఆ మందు పనిచేయదు సరికదా, విషమవుతుంది. వీఎంల సెట్టింగులన్నీ /ఈటీసీ/పీవీఈలో కనిపిస్తాయి గానీ, అసలు దాని వెనక ఉన్నది /వార్/లిబ్/పీవీఈ-క్లస్టర్ కింద ఒక చిన్న డేటాబేస్. డిస్క్ నిండి ఉండగా రీస్టార్ట్ చేస్తే ఆ సర్వీసు లేవకపోవచ్చు. అది లేవకపోతే ఒక్క వీఎం కూడా స్టార్ట్ అవ్వదు. అప్పటిదాకా నడుస్తున్న బిల్లింగ్ కూడా ఆగిపోతుంది.

అందుకని ముందు ఈ చెక్‌లిస్ట్:

• రీస్టార్ట్ చేయొద్దు. పక్కవాళ్ళకి కూడా చెప్పండి.
• యూపీఎస్ చూడండి. కరెంటు లేక బ్యాటరీ మీద నడుస్తుంటే, వచ్చేదాకా ఆగాలా, జనరేటర్ వేయాలా అన్నది ముందు తేల్చండి.
• బ్యాకప్ ఏదైనా నడుస్తోందా? ‘పీఎస్ ఏయూఎక్స్ | గ్రెప్ వీజెడ్‌డంప్’ చెబుతుంది. నడుస్తుంటే ‘వీజెడ్‌డంప్ --స్టాప్’తో ఆపండి, లేకపోతే మీరు ఖాళీ చేసే కొద్దీ అది నింపుతుంది.
• ‘క్యూఎం లిస్ట్’ కొట్టి, ఏ వీఎంలు నడుస్తున్నాయో ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.
• సెట్టింగుల కాపీ ఒకటి బయటికి తీయండి.

కాపీ ఎక్కడ పెట్టాలి, డిస్కే నిండింది కదా? /రన్ అనే ఫోల్డర్ డిస్క్ మీద ఉండదు, ర్యామ్‌లో ఉంటుంది. అక్కడ రాయొచ్చు.

టార్ -సీజెడ్‌ఎఫ్ /రన్/సెట్టింగ్స్.టీజీజెడ్ /ఈటీసీ/పీవీఈ

ఆ ఫైల్‌ని వెంటనే ల్యాప్‌టాప్‌కి కాపీ చేసుకోండి. సర్వర్ ఆగితే /రన్‌లో ఉన్నదంతా పోతుంది.

టైప్ చేస్తూ ట్యాబ్ కీ నొక్కితే స్క్రీన్ మీద ‘కెనాట్ క్రియేట్ టెంప్ ఫైల్’ అని ఎర్రర్ పడుతుంది. చాలామంది అక్కడే కంగారుపడి ఫోన్ చేస్తారు. ట్యాబ్ తనకి కావాల్సిన చిన్న ఫైల్ రాసుకోలేక అరుస్తోంది, అంతే. పేర్లు పూర్తిగా టైప్ చేసుకుంటూ పోండి.

3. ముందు ఊపిరాడేంత చోటు

ఎవరు తిన్నారో వెతకడానికి ముందు ఒకటి రెండు జీబీలు విడిపించుకుంటే టెన్షన్ తగ్గుతుంది. ఏం పోతుందో అన్న భయం లేకుండా తీసేయదగ్గవి మూడే.

ఒకటి, ఇన్‌స్టాల్ అయిపోయాక మిగిలిన ప్యాకేజీ ఫైళ్ళు:

ఏపీటీ క్లీన్

రెండు, పాత సిస్టమ్ జర్నల్, అంటే సిస్టమ్ తనకోసం రాసుకునే లాగ్. ఇందులో ఎం పెద్ద అక్షరం:

జర్నల్‌సీటీఎల్ --రొటేట్ --వాక్యూమ్-సైజ్=200ఎం

జర్నల్ దానంతట అది పార్టిషన్‌లో పదో వంతు దాకా పెరుగుతుంది, గరిష్ఠంగా 4 జీబీ. కాబట్టి ఇక్కడ మూడు జీబీలు పైగా వచ్చినా ఆశ్చర్యం లేదు.

మూడోది చాలామందికి తెలియదు. వెబ్ పేజీలోంచి ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్‌ని ఒకే ఫైల్‌గా చేసింది) అప్‌లోడ్ చేస్తున్నప్పుడు ఆ ఫైల్ ముందు /వార్/టీఎంపీలో ‘పీవీఈఅప్‌లోడ్’ అనే మాటతో మొదలయ్యే పేరుతో పడుతుంది. మధ్యలో నెట్ పోతే ఆ ముక్క అక్కడే మిగిలిపోవచ్చు. విండోస్ ఐఎస్ఓ ఒకటి ఐదారు జీబీలు. మా వైపు నెట్‌తో మూడుసార్లు ప్రయత్నించారంటే లెక్క మీరే వేసుకోండి. ఇప్పుడు అప్‌లోడ్ ఏదీ నడవట్లేదని చూసుకుని వాటిని తీసేయొచ్చు.

4. చోటు తిన్నదెవరో పట్టుకోండి

అసలు పని ఇది. రూట్‌లో ప్రాక్స్‌మాక్స్ సొంతానికి పట్టేది పది జీబీ లోపే. మిగతాదంతా బయటి నుంచి వచ్చి కూర్చున్నదే. దాన్ని ఎవరు రాశారో తెలియకుండా తీసేస్తే వారం తిరిగేసరికి మళ్ళీ నిండుతుంది.

డీయూ -ఎక్స్‌హెచ్ -డీ1 / | సార్ట్ -హెచ్

ఇందులో ఎక్స్ ముఖ్యం. అది ఉంటే డీయూ రూట్ పార్టిషన్ దాటి వెళ్ళదు. అది మర్చిపోతే యూఎస్‌బీ డిస్కూ, నెట్‌వర్క్ డిస్కూ కూడా లెక్కలో కలిపేసి మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంది. చివరి వరసల్లో పెద్దవి కనిపిస్తాయి. /వార్ పెద్దదిగా ఉంటే అదే కమాండ్‌లో / బదులు /వార్, తర్వాత /వార్/లిబ్, అలా లోపలికి దిగండి.

నాకు ఎక్కువగా దొరికే చోట్లు, దొరికే వరసలో:

• /వార్/లిబ్/వీజెడ్/డంప్: వీఎం బ్యాకప్‌లు. ‘లోకల్’ అనే స్టోరేజ్‌లోకి బ్యాకప్ పెడితే అవి పడేది రూట్ మీదే. పదిలో ఆరేడు కేసులు నాకు ఇక్కడే తేలతాయి.
• /వార్/లిబ్/వీజెడ్/టెంప్లేట్/ఐఎస్ఓ: ఎప్పుడో ఒకసారి వాడి వదిలేసిన ఐఎస్ఓలు.
• /రూట్: వేరే చోటి నుంచి వీఎం తెచ్చినప్పుడు దింపిన పెద్ద ఫైల్. దిగుమతి అయ్యాక దాన్ని ఎవరూ తీసేయరు.
• /వార్/లాగ్: ఏదో ఒక సర్వీసు సెకనుకి పదిసార్లు ఒకే ఎర్రర్ రాస్తుంటే.
• /ఎంఎన్‌టీ: దీని కథ వేరు, కింద చెబుతాను.

డంప్ ఫోల్డర్‌లో పేరు చివర ‘.డ్యాట్’ అని ఉన్న పెద్ద ఫైళ్ళు ఉంటే అవి సగంలో చచ్చిపోయిన బ్యాకప్‌లు. బ్యాకప్ పూర్తయితేనే అసలు పేరు వస్తుంది. అర్ధరాత్రి కరెంటు పోయిన చోటల్లా ఇవి ఉంటాయి. బ్యాకప్ నడవట్లేదని రూఢి చేసుకున్నాక వీటిని నిశ్చింతగా తీసేయండి, ఎందుకూ పనికిరావు.

వీటి జోలికి మాత్రం పోవద్దు:

• /వార్/లిబ్/వీజెడ్/ఇమేజెస్ కింద ఉన్నవి. అవి వీఎంల డిస్కులే కావచ్చు.
• /వార్/లిబ్/పీవీఈ-క్లస్టర్
• /వార్/లిబ్/డీపీకేజీ
• /బూట్‌లో ఫైళ్ళు, చేత్తో అసలే తీయొద్దు

ఇమేజెస్ గురించి ఒక్క మాట. లోపల 101, 102 అని నంబర్లతో ఫోల్డర్లు ఉంటాయి. ‘క్యూఎం లిస్ట్’లో ఆ నంబరు లేదు కదా అని తీసేయబోతారు. కంటైనర్లు (వీఎం కంటే తేలికైన రకం) ఆ లిస్ట్‌లో రావు, వాటికి ‘పీసీటీ లిస్ట్’ ఉంది. రెండూ చూడండి. రెంటిలో లేకపోయినా ముందు యజమానిని అడగండి. రెండేళ్ళ కిందటి ట్యాలీ డేటా అందులోనే ఉందని తర్వాత తెలిసిన కేసు నాకు ఒకటుంది.

5. డీఎఫ్ ఒకటి, డీయూ ఇంకోటి చెబితే

డీఎఫ్ 94 జీబీ నిండిందంటుంది. డీయూ మొత్తం కూడితే 9 జీబీ కూడా రాదు. మరి 85 జీబీ ఎక్కడికి పోయింది?

గుణుపురంలో ఒక నర్సింగ్ హోమ్‌లో సరిగ్గా ఇదే. కౌంటర్ కుర్రాడు ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఒక పక్క పేషెంట్లతో ఒడియాలో మాట్లాడుతూ, ఇంకో పక్క నేను చెప్పిన ప్రతి కమాండ్ కొట్టాక “హెలా అన్నా” (అయింది అన్నా) అంటున్నాడు. డీయూ నాలుగుసార్లు కొట్టించాను. ప్రతిసారీ తొమ్మిది జీబీయే. తెరిచి ఉన్న ఫైల్ ఏదైనా తీసేశారా అంటే అదీ లేదు. చివరికి అడిగాను, “తమ్ముడూ, ఆ మధ్య యూఎస్‌బీ డిస్క్ ఎవరైనా కదిపారా?”

“క్లీనింగ్ చేసినప్పుడు దాని ప్లగ్ ఊడింది అన్నా. మొన్న చూసి నేనే పెట్టాను. ఇప్పుడు బాగానే ఉంది.”

అక్కడుంది కీలకం. ప్లగ్ ఊడిన రోజు రాత్రి కరెంటు పోయి సర్వర్ మళ్ళీ లేచింది. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో రాసి ఉండే /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్‌కి ‘నోఫెయిల్’ అని ఉంది కాబట్టి, డిస్క్ లేకపోయినా సర్వర్ ఆగకుండా బూట్ అయింది. /ఎంఎన్‌టీ/యూఎస్‌బీ అనే ఫోల్డర్ మాత్రం ఉంది, ఖాళీగా, రూట్ మీద. బ్యాకప్ జాబ్‌కి ఆ తేడా తెలియదు. రాత్రికి 11 జీబీ చొప్పున ఏడు రాత్రులు రూట్ మీదే రాసుకుంటూ పోయింది. ఎనిమిదో రాత్రి సగంలో ఆగింది. ఆ తర్వాత కుర్రాడు ప్లగ్ పెట్టగానే అసలు డిస్క్ వచ్చి అదే ఫోల్డర్ మీద కూర్చుంది. కింద పడ్డ బ్యాకప్‌లన్నీ దాని చాటున ఉండిపోయాయి. చాప కింద దాచిన డబ్బులా, ఉంది గానీ కనపడదు.

చాప ఎత్తి చూసే పద్ధతి ఇది. డిస్క్‌ని ఊడదీయక్కర్లేదు, రూట్‌నే ఇంకో చోట కూడా చూపించమంటాం:

ఎంకేడీఐఆర్ /రన్/చూపు
మౌంట్ --బైండ్ / /రన్/చూపు
డీయూ -ఎక్స్‌హెచ్ -డీ2 /రన్/చూపు/ఎంఎన్‌టీ

ఫోల్డర్ పేరు మీ ఇష్టం. /రన్ కింద ఎందుకంటే డిస్క్ నిండినప్పుడు వేరే చోట ఫోల్డర్ చేయడం కూడా కుదరకపోవచ్చు.

ఇప్పుడు /రన్/చూపు/ఎంఎన్‌టీ/యూఎస్‌బీలో కనిపించేవి రూట్ మీద చిక్కుకున్న ఫైళ్ళు. /ఎంఎన్‌టీ/యూఎస్‌బీలో కనిపించేవి అసలు డిస్క్ మీద ఉన్నవి. పేర్లు ఒకేలా ఉంటాయి. ఎందులోంచి తీస్తున్నారో ఎంటర్ కొట్టే ముందు పైకి చదవండి. ఫోన్లో నేనైతే చదివించి, విన్నాకే కొట్టనిస్తాను. చివరి రెండు బ్యాకప్‌లని ‘ఎంవీ’ కమాండ్‌తో అసలు డిస్క్‌లోకి జరిపి మిగతావి తీసేయండి. అయ్యాక ‘యూమౌంట్ /రన్/చూపు’. ఈ కమాండ్‌లో యూ తర్వాత ఎన్ ఉండదు.

లెక్క కుదరకపోవడానికి రెండో కారణం: ఎవరో పెద్ద లాగ్ ఫైల్ తీసేశారు గానీ, దాన్ని రాస్తున్న సర్వీసు ఇంకా దాన్ని పట్టుకునే ఉంది. పేరు పోయింది, చోటు వదల్లేదు. ఇలా చూడండి:

ఎల్ఎస్ -ఎల్ /ప్రాక్/*/ఎఫ్‌డీ | గ్రెప్ డిలీటెడ్

అక్కడ ఏ లాగ్ పేరు వస్తే దాని సర్వీసుని రీస్టార్ట్ చేస్తే చోటు వచ్చేస్తుంది.

మూడోది చిన్నది. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఐదు శాతం చోటుని రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. 96 జీబీకి ఇంచుమించు 5 జీబీ. అత్యవసరానికి అది కాపాడుతుందనుకుంటాం. కానీ బ్యాకప్ నడిచేది రూట్ యూజర్‌గానే, కాబట్టి అది ఆ ఐదు జీబీని కూడా తినేసే ఆగుతుంది.

రూట్ ఈఎక్స్‌టీ4 కాకుండా జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మీద ఉంటే, ఫైళ్ళు తీసేసినా చోటు రాకపోవడానికి చాలాసార్లు పాత స్నాప్‌షాట్లే కారణం. ‘జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్ -ఓ స్పేస్’ ఏది ఎంత పట్టుకుందో చూపిస్తుంది.

6. తీసేసే పద్ధతి

బ్యాకప్‌లు ఎన్ని ఉన్నా, ప్రతి వీఎంకీ కనీసం ఒక మంచి బ్యాకప్ మిగలాలి. ‘మంచి’ అంటే పరీక్షించింది. పేరు చివర జెడ్‌ఎస్‌టీ అని ఉండే ఫైల్‌కి:

జెడ్‌ఎస్‌టీడీ -టీ ఫైల్‌పేరు

ఎర్రర్ లేకుండా ముగిస్తే ఫైల్ చెడిపోలేదన్న మాట. సరికొత్తది కదా అని నమ్మి పాతవన్నీ తీసేస్తారు, తీరా చూస్తే ఆ సరికొత్తదే సగంలో తెగింది. పరీక్షకి పది నిమిషాలు పోతే పోనీ.

వరస ఇలా పెట్టుకోండి: సగంలో చచ్చిన ‘.డ్యాట్’ ఫైళ్ళు ముందు, వాడని ఐఎస్ఓలు తర్వాత, ఆ తర్వాత పాత బ్యాకప్‌లని యూఎస్‌బీకి జరపడం. తుడిచేయడం అన్నిటికంటే చివర.

లాగ్ ఫైల్ ఉబ్బి ఉంటే దాన్ని తీసేయకండి, లోపల ఖాళీ చేయండి:

ట్రంకేట్ -ఎస్ 0 /వార్/లాగ్/ఫైల్‌పేరు

అంతకంటే ముందు ‘టెయిల్’తో చివరి పది వరసలు చదవండి. సెకనుకి పదిసార్లు అరుస్తున్నది ఏమని అరుస్తోందో తెలియాలి కదా.

పాత కెర్నల్స్ (లినక్స్ మూల ప్రోగ్రామ్ పాత వెర్షన్లు) కూడా చోటు తింటాయి. ‘ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్’ కొడితే ఏవి తీస్తుందో ముందు చూపించి అడుగుతుంది. ‘యూనేమ్ -ఆర్’ చెప్పిన వెర్షన్ ఆ లిస్ట్‌లో లేదని చూసుకుని సరే అనండి. కాస్త చోటు ఉంటేనే ఇది పనిచేస్తుంది, అందుకే ఇంత వెనక చెబుతున్నాను.

7. సర్వీసుల్ని లేపడం

చోటు కనీసం పది శాతం వచ్చాక:

సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ పీవీఈ-క్లస్టర్ పీవీఈడెమన్ పీవీఈప్రాక్సీ పీవీఈస్టాట్‌డీ

వేరే సర్వర్లతో కలపని ఒంటరి సర్వర్‌లో దీనివల్ల నడుస్తున్న వీఎంలు ఆగవు. ఒక నిమిషం ఆగి బ్రౌజర్‌లో 8006 పోర్ట్ తెరిచి చూడండి. లాగిన్ అవుతుంది.

ఇంకా ఏదో తేడాగా ఉంటే:

• వీఎం నడుస్తున్నట్టే ఉంది గానీ లోపల బిగుసుకుపోయింది: దాని డిస్క్ రూట్ మీదే ఉండి, రాయడానికి చోటు లేక ఆగింది. ‘క్యూఎం రెస్యూమ్ 101’. నంబరు మీ వీఎంది.
• వీఎం ‘లాక్డ్’ అంటోంది: సగంలో పోయిన బ్యాకప్ వదిలిన తాళం. బ్యాకప్ నడవట్లేదని మళ్ళీ చూసుకుని ‘క్యూఎం అన్‌లాక్ 101’.
• లాగిన్ అయింది గానీ అన్నిటి మీదా బూడిద రంగు ప్రశ్న గుర్తులు: పీవీఈస్టాట్‌డీని ఇంకోసారి రీస్టార్ట్ చేయండి. పోకపోతే అందని నెట్‌వర్క్ స్టోరేజ్ ఏదైనా ఉందేమో చూడండి.

8. రూట్ సైజు పెంచాలా?

చాలాసార్లు అక్కర్లేదు. 96 జీబీలో పదే సొంత ఖర్చు అయినప్పుడు పెంచడమంటే చెత్త వేసుకోవడానికి గది పెద్దది చేసుకోవడమే. కానీ చిన్న డిస్క్ మీద రూట్ మరీ ఇరుకుగా ఉంటే పెంచొచ్చు.

‘వీజీఎస్’ కొట్టి వీఫ్రీ వరస చూడండి. డీఫాల్ట్ ఇన్‌స్టాల్‌లో పెద్ద డిస్క్ మీద 16 జీబీ దాకా ఎవరికీ ఇవ్వకుండా వదిలి ఉంటుంది. అందులోంచి 8 తీసుకుందాం:

ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +8జీ /డెవ్/పీవీఈ/రూట్

ఇక్కడ ఆర్ చిన్నది, ఎల్ పెద్దది, జీ పెద్దది, ప్లస్ గుర్తు తప్పనిసరి. ఆర్ ఉంటే లోపలి ఫైల్‌సిస్టమ్ కూడా దానితో పాటే పెరుగుతుంది. సర్వర్ ఆపక్కర్లేదు. ఎల్‌వీఎం (డిస్క్‌ని ఇలా భాగాలుగా పంచే ఏర్పాటు) చేసే ప్రతి మార్పు కాపీని /ఈటీసీ/ఎల్‌వీఎం కింద రాసుకుంటుంది, కాబట్టి రూట్ పూర్తిగా నిండి ఉండగా ఇది మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. రూట్ పెంచడం ఎలా అని వెతికితే చాలాచోట్ల కనిపించే చిట్కా, ముందు ‘ఎల్‌వీరిమూవ్ /డెవ్/పీవీఈ/డేటా’ కొట్టి, వచ్చిన చోటంతా రూట్‌కి ఇవ్వమంటుంది. ఆ చిట్కా అప్పుడే ఇన్‌స్టాల్ చేసిన ఖాళీ సర్వర్ కోసం. నడుస్తున్న సర్వర్ మీద అది కొడితే మీ వీఎం డిస్కులన్నీ పోతాయి. బిల్లింగ్, ట్యాలీ, అన్నీ. ‘డేటా’ అన్న పేరు చూసైనా అనుమానం రావాలి, కానీ రాత్రి పదకొండింటికి కంగారులో రాదు. థిన్ పూల్‌ని కొంచెం తగ్గించి రూట్‌కి ఇద్దామా అంటే అదీ కుదరదు, థిన్ పూల్ తగ్గదు.

9. మళ్ళీ ఫోన్ రాకుండా

బ్యాకప్ రూట్ మీద పడకూడదు. డేటాసెంటర్, స్టోరేజ్, లోకల్, ఎడిట్ వరసలో వెళ్ళి కంటెంట్ జాబితాలోంచి బ్యాకప్ అనే దాన్ని తీసేయండి. ఆ స్టోరేజ్‌లో ఉన్న పాత బ్యాకప్‌లు అక్కడితో వెబ్ పేజీలో కనిపించడం మానేస్తాయి, ఫైళ్ళు మాత్రం ఉంటాయి. ముందే వాటిని జరిపేసుకోండి.

యూఎస్‌బీ డిస్క్‌ని డైరెక్టరీ స్టోరేజ్‌గా పెట్టుకున్న ప్రతి ఒక్కరూ చేయాల్సింది ఇది. స్టోరేజ్ పేరు ‘యూఎస్‌బీ’ అనుకుంటే:

పీవీఈఎస్ఎం సెట్ యూఎస్‌బీ --ఈజ్_మౌంట్‌పాయింట్ 1

మధ్యలో ఉన్నది అండర్‌స్కోర్. ఇక అక్కడ డిస్క్ నిజంగా మౌంట్ అయి ఉంటేనే ప్రాక్స్‌మాక్స్ ఆ స్టోరేజ్‌ని వాడుతుంది. ప్లగ్ ఊడితే బ్యాకప్ ఫెయిల్ అవుతుంది, రూట్ మాత్రం నిండదు. ఫెయిల్ అయితే కనీసం తెలుస్తుంది. గుణుపురం వాళ్ళకి ఈ ఒక్క లైన్ ముందే పెట్టి ఉంటే సరిపోయేది. పెట్టనిది నేనే.

ఎన్ని బ్యాకప్‌లు ఉంచాలో కూడా వెబ్ పేజీలో ఆ స్టోరేజ్ ఎడిట్‌లోనే, బ్యాకప్ రిటెన్షన్ దగ్గర చెప్పండి. ‘కీప్ ఆల్’ తీసేసి కీప్ లాస్ట్ 3, కీప్ వీక్లీ 2 పెడితే చిన్న ఆఫీసుకి చాలు.

జర్నల్‌కి హద్దు: /ఈటీసీ/సిస్టమ్‌డీ/జర్నల్‌డీ.కాన్ఫ్‌లో ‘సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్=500ఎం’. ఎస్, ఎం, యూ, చివరి ఎం పెద్దవి. తర్వాత సిస్టమ్‌డీ-జర్నల్‌డీని రీస్టార్ట్ చేయండి.

కౌంటర్‌లో గోడకి అంటించడానికి:

• శనివారం పొద్దున నోడ్ సమ్మరీ పేజీలో హెచ్‌డీ స్పేస్ చూడు. 80 దాటితే ఫోన్ చెయ్యి.
• చివరి బ్యాకప్ పక్కన ఓకే ఉందా చూడు.
• ఐఎస్ఓ పని అయిపోతే తీసెయ్.
• యూఎస్‌బీ డిస్క్ లైటు వెలుగుతోందా?

ఆ డిస్క్ ప్లగ్ మీద తెల్ల టేపు అంటించి ‘తీయొద్దు’ అని తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాం. ఊడ్చే ఆమెకి చదువు రాదని తర్వాత తెలిసింది. ఇప్పుడు ప్లగ్ బోర్డుని గోడకి ఎత్తులో బిగించారు.

ఇదంతా అయిన రోజు రాత్రి బ్యాకప్‌ని షెడ్యూల్‌కి వదిలేయకుండా, పగలే ‘బ్యాకప్ నౌ’ నొక్కి ఒక వీఎంది తీయించండి. అది నడుస్తుండగా ఇంకో విండోలో ‘డీఎఫ్ -హెచ్’ రెండు మూడుసార్లు కొట్టండి. యూఎస్‌బీ వరసలో అంకె పెరగాలి, రూట్ వరసలో అంకె కదలకూడదు.